ఆకాశానికి కొక్కెం

కారు బాడీని నేలకు కాకుండా ఆకాశానికి కట్టేస్తే ఎలా ఉంటుంది? 1974లో డీన్ కార్నాప్, క్రాస్బీ, హార్వుడ్ అనే ముగ్గురు ఇంజినీర్లు అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో అచ్చు వేసిన ఒక వ్యాసానికి మూలం ఇలాంటి ఊహే. పైన ఎక్కడో కదలని కొక్కెం ఒకటి ఉంది. దానికీ కారు బాడీకీ మధ్య ఒక షాక్ అబ్జార్బర్ బిగించారు. కింద చక్రాలు గతుకుల్లో ఎంత ఎగిరిపడినా బాడీ మాత్రం ఆ కొక్కేన్ని పట్టుకుని నిమ్మళంగా సాగిపోతుంది. అలాంటి కొక్కెం ఎక్కడా లేదని వాళ్లకూ తెలుసు. కానీ చక్రానికీ బాడీకీ మధ్య ఉండే మామూలు షాక్ అబ్జార్బర్ గట్టిదనాన్ని క్షణక్షణం మార్చగలిగితే, లేని ఆ కొక్కెం చేసే పనిలో చాలా భాగం చేయించవచ్చని లెక్కవేసి చూపించారు. దాన్నే స్కైహుక్ అంటారు. కొన్ని దశాబ్దాలు గడిచాక ఆ ఆలోచన ఇటలీ స్పోర్ట్స్ కార్లలోకి, డుకాటి మోటార్‌సైకిళ్లలోకి చేరింది. 2024 నవంబరులో మహీంద్రా ఆవిష్కరించిన ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇలా గట్టిదనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు, అంటే సెమీ యాక్టివ్ డ్యాంపర్లు ఉన్నాయి. దీనితో పోటీకి దిగిన భారీ యంత్రాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి పక్కకు తప్పుకున్నాయి. ప్రయాణంలో సుఖం బలం పెట్టి కొనేది కాదనీ, అదును చూసి అడ్డుపడటం వల్ల వచ్చేదనీ ఈ చరిత్ర చెబుతోంది. బలం అక్కర్లేదంటే ఖర్చూ అంతగా అక్కర్లేదు. అందుకే ఈ పరికరం ఖరీదైన కార్లలోనే ఉండిపోవడానికి సరైన కారణం నాకు కనిపించదు.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. సస్పెన్షన్ ఇంజినీర్లు కారు మొత్తాన్ని కాక దాని నాలుగో వంతునే తీసుకుని లెక్క మొదలుపెడతారు: ఒక చక్రం, దాని మీద పడే బాడీ బరువు. బాడీ వాటా 350 కిలోలు, చక్రం బ్రేకుతో కలిపి 40 కిలోలు, స్ప్రింగు గట్టిదనం మీటరుకు 20,000 న్యూటన్లు, టైరుది దానికి పదింతలు అనుకుంటే మామూలు కారుకు దగ్గరగానే ఉంటుంది. ఆ బాడీని ఒకసారి కిందికి నొక్కి వదిలితే సెకనుకు 1.2 సార్లు, అంటే 1.2 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. చక్రమేమో టైరుకూ స్ప్రింగుకూ నడుమ 11, 12 హెర్ట్జ్ దగ్గర ఎగిరెగిరి పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారును 14 మీటర్లకోసారి వచ్చే ఎత్తుపల్లాలు పడవలా ఊపితే, మీటరున్నరకోసారి వచ్చే గతుకులు చక్రాన్ని దడదడలాడిస్తాయి. గతుకు దెబ్బను ముందుగా కాచుకునేది స్ప్రింగు. ఆ తర్వాత మొదలయ్యే ఊగులాటను మింగి వేడిగా మార్చడం షాక్ అబ్జార్బర్ పని. దాన్ని గట్టిగా పెడితే 1.2 హెర్ట్జ్ ఊపు అణిగిపోతుంది. అయితే సుమారు 1.7 హెర్ట్జ్ దాటిన దగ్గర నుంచి అదే గట్టిదనం రోడ్డు మీది చిన్న గతుకుల్ని కూడా సీటు దాకా మోసుకొస్తుంది. మెత్తగా పెడితే చిన్న గతుకులు తెలియవు గానీ, పెద్ద ఎత్తుపల్లం వచ్చినప్పుడు బండి చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఒక గట్టిదనం ఎంచుకుని ఫ్యాక్టరీలో బిగించేసిన షాక్ అబ్జార్బర్‌తో ఈ రెండింటినీ ఒకేసారి గెలవడం కుదరదు. అది కంపెనీ అసమర్థత కాదు, భౌతిక శాస్త్రం పెట్టిన షరతు.

మనిషి శరీరం ఈ షరతును ఇంకా కఠినం చేస్తుంది. కూర్చున్న మనిషి నిలువు కంపనాల్లో అన్నిటినీ ఒకేలా అనుభవించడు. 1997లో వచ్చిన ఐఎస్ఓ 2631 ప్రమాణం ప్రకారం 4 నుంచి 8 హెర్ట్జ్ ప్రాంతంలో వచ్చేవి మనల్ని ఎక్కువగా బాధిస్తాయి. అర హెర్ట్జ్ కంటే నెమ్మదిగా సాగే ఊపులు నడుముకు కాదు, కడుపుకు తగులుతాయి. ఘాట్ రోడ్డు బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోటీపడేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఈ తేడాలన్నిటికీ తగిన తూకాలు వేసి, కంపనాన్ని ఒకే అంకెగా కొలవడం ఆ ప్రమాణం నేర్పింది. ఆ అంకె సెకను వర్గానికి 0.315 మీటర్ల లోపుంటే ఇబ్బంది లేదు. 0.8 నుంచి 1.6 దాకా అసౌకర్యం. 2 దాటితే తీవ్రమైన అసౌకర్యం. ఈ మెట్లు ఒకదాని మీదికి ఒకటి కాస్త జరిగి ఉంటాయి. సుఖానికీ బాధకూ మధ్య గీత గీయలేమని ప్రమాణం రాసినవాళ్లే ఒప్పుకున్నట్టుంది, అది నాకు నచ్చింది. ఇక్కడ గమనించాల్సింది మరొకటి. మనల్ని బాధించే 4-8 హెర్ట్జ్ ప్రాంతం సరిగ్గా బాడీ ఊగే 1.2కీ చక్రం ఎగిరే 11కీ మధ్యలో పడుతుంది. ఊపును ఆపడం కోసం పెట్టిన గట్టిదనం చెడగొట్టేది ముందుగా ఆ ప్రాంతాన్నే. కాబట్టి ఎంత గట్టిగా ఉండాలి అన్న ప్రశ్నతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. అడగాల్సింది, ఎప్పుడు గట్టిగా ఉండాలి అని.

కార్నాప్ బృందం జవాబు చెప్పింది దానికే. షాక్ అబ్జార్బర్ దేన్నీ తనంతట తాను తోయలేదు. సాగుతుంటే సాగనివ్వదు, కుంచించుకుంటుంటే కుంచించుకోనివ్వదు, అంతే. ఈ మొండితనం బాడీకి కొన్నిసార్లు మేలు, కొన్నిసార్లు కీడు. బాడీ పైకి లేస్తూ, చక్రం కంటే వేగంగా లేవడం వల్ల షాక్ అబ్జార్బర్ సాగుతోందనుకుందాం. అప్పుడది బాడీని కిందికి లాగుతుంది. మనకు కావలసిందీ అదే, కనుక గట్టిగా ఉండాలి. బాడీ పైకే లేస్తోంది గానీ చక్రం ఇంకా వేగంగా పైకి దూసుకొస్తోందనుకుందాం. ఇప్పుడు షాక్ అబ్జార్బర్ కుంచించుకుంటూ, అసలే లేస్తున్న బాడీని ఇంకా పైకి తోస్తుంది. ఆ క్షణంలో అది ఎంత మెత్తబడితే అంత మంచిది. బాడీ కిందికి పడుతున్నప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది: కుంచించుకుంటుంటే గట్టిగా, సాగుతుంటే మెత్తగా. నిబంధన మొత్తం ఇంతే. బాడీ వేగాన్నీ షాక్ అబ్జార్బర్ సాగే వేగాన్నీ గుణిస్తే వచ్చేది ధనమా రుణమా అని చూసి నిర్ణయం తీసుకోవడం. ఇంత చిన్న షరతు యాభై ఏళ్లుగా ఈ రంగాన్ని నడిపిస్తోంది. 1997లో ఫోర్డ్ కంపెనీ పరిశోధకుడు దావర్ హ్రోవాట్ రాసిన విస్తృత సమీక్ష నుంచి నేటి వరకు, కొత్త నియంత్రణ పద్ధతి ఎవరు కనిపెట్టినా ముందు దీనితో పోల్చి చూపించాల్సిందే.

సుఖం బలంతో వస్తుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రయత్నాలు చిన్నవి కావు. షాక్ అబ్జార్బర్ స్థానంలో పంపుతో నడిచే హైడ్రాలిక్ సిలిండరునో, మోటారునో పెట్టి, చక్రాన్ని కావలసినప్పుడు పైకి లాగి, కావలసినప్పుడు కిందికి తోసే పద్ధతిని యాక్టివ్ సస్పెన్షన్ అంటారు. 1987లో లోటస్ 99టీ కారుతో అయర్టన్ సెన్నా మొనాకోలో గెలిచాడు. ఈ పద్ధతికి ఫార్ములా వన్‌లో అదే తొలి విజయం. 1992లో నైజెల్ మాన్సెల్‌ను ప్రపంచ చాంపియన్ చేసిన విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ14బీలోనూ ఇదే ఉంది. 1994 సీజన్ నుంచి నిషేధించారు. అయితే అక్కడ డ్రైవరు నడుము గురించి పట్టించుకున్నవాళ్లు లేరు. గాలి ఒత్తిడి తగ్గకుండా కారు నేలకు ఒకే ఎత్తులో ఉండాలన్నదే లక్ష్యం. సుఖం కోసం జరిగిన అసలు పందెం అమర్ బోస్‌ది. స్పీకర్లతో పేరు తెచ్చుకున్న ఆయన 1980లో ఈ పరిశోధన మొదలుపెట్టించాడు. 2004లో, నాలుగు చక్రాల దగ్గర విద్యుదయస్కాంత మోటార్లు బిగించిన లెక్సస్ కారును ప్రదర్శించారు. గతుకుల మీద అది బల్లపరుపుగా సాగింది. అడ్డుకర్ర మీదుగా ఎగిరి కూడా దూకింది. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. అయినా బరువూ ఖరీదూ తగ్గక ఏ కారు కంపెనీ కూడా దాన్ని తన కార్లలో పెట్టలేదు. 2017లో ఆ సాంకేతికతను క్లియర్‌మోషన్ అనే సంస్థ కొనుక్కుంది. నిజంగా తోసే సస్పెన్షన్‌కు కిలోవాట్ల లెక్కన శక్తి కావాలి. గట్టిదనం మాత్రమే మార్చే షాక్ అబ్జార్బర్‌కు కొన్ని పదుల వాట్లు చాలు, అంటే హెడ్‌లైటు బల్బుకు అయ్యేంత. ఇంకో మాట, కంప్యూటరు చెడిపోతే మొదటిది ఎటు తోస్తుందో చెప్పలేం. రెండోది మామూలు షాక్ అబ్జార్బర్ అయిపోతుంది, అంతే.

గట్టిదనం మార్చడానికి రెండు దారులున్నాయి. షాక్ అబ్జార్బర్‌లో నూనె వెళ్లే దారిని విద్యుత్ వాల్వుతో సన్నం, వెడల్పు చేయడం ఒకటి. నూనెనే మార్చేయడం రెండోది. 1940ల చివర్లో అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన జేకబ్ రాబినో సన్నటి ఇనుప రేణువులు కలిపిన నూనెను క్లచ్‌ల కోసం తయారు చేశాడు. అయస్కాంత క్షేత్రం తగలగానే రేణువులు గొలుసులుగా పేరుకుని నూనె చిక్కబడుతుంది. క్షేత్రం తీసేస్తే మళ్లీ పల్చబడుతుంది. అంతా కొన్ని మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. రేణువులు అడుగుకు దిగిపోవడం, సీళ్లను అరగదీయడం లాంటి చిక్కుల వల్ల ఇది దశాబ్దాల పాటు ప్రయోగశాల వింతగానే మిగిలింది. 1990లలో లార్డ్ కంపెనీ ఆ చిక్కులు విప్పింది. 2002 మోడల్ కాడిలాక్ సెవిల్‌తో డెల్ఫై సంస్థ మాగ్నెరైడ్ పేరిట దీన్ని రోడ్డెక్కించింది. వాల్వు దారి అంత ఆకర్షణీయంగా ఉండదు గానీ చవక. కార్లలో ఎక్కువగా కనిపించేదీ అదే.

పరికరం సిద్ధమైనా స్కైహుక్ నిబంధనను ఉన్నదున్నట్టు అమలు చేస్తే బండి బాగుపడదు. బాడీ వేగం సున్నా దాటే క్షణంలో గట్టి నుంచి మెత్తకు, మెత్త నుంచి గట్టికి దూకితే బలం ఒక్కసారిగా మారి, కుదుపు తగ్గించాల్సిన పరికరమే చిన్న కుదుపు పుట్టిస్తుంది. అందుకే గట్టిదనాన్ని బాడీ వేగానికి తగ్గట్టు కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. బాడీ వేగాన్ని నేరుగా కొలిచే సెన్సర్ లేకపోవడం ఇంకో తలనొప్పి. యాక్సిలరోమీటరు చెప్పే త్వరణాన్ని కూడి వేగం రాబట్టాలి. అందులో ఉన్న రవ్వంత తప్పు కూడికలో పెరిగి పెరిగి, నిలబడి ఉన్న కారు కూడా ఆకాశంలోకి వెళ్తోందని కంప్యూటరు నమ్మే దాకా వస్తుంది. దాన్ని వడపోయాలి. వడపోస్తే కొంత ఆలస్యం వస్తుంది. ఆలస్యమైతే అదును తప్పుతుంది. మిలాన్ పాలిటెక్నిక్‌లో సెర్జియో సవరేసి బృందం 2005లో ఇంకో వైపు నుంచి వచ్చింది. వేగాన్ని కాక బాడీ త్వరణాన్నే చూసి నిర్ణయం తీసుకుంటే, మనిషిని బాధించే పై పౌనఃపున్యాల దగ్గర ఫలితం బాగుంటుందని తేల్చింది. కింది ఊపుల దగ్గర మాత్రం పాత స్కైహుక్‌దే పైచేయి. తర్వాత అదే బృందం రెంటినీ కలిపింది. ప్రస్తుతం బండిలో నెమ్మది ఊపు ఎక్కువగా ఉందా, వేగపు అదురు ఎక్కువగా ఉందా అని త్వరణాన్నీ వేగాన్నీ పోల్చి తేల్చుకుని, దానికి తగిన నిబంధనకు మారిపోయే పద్ధతి అది. పరికరంలో కొత్త బలం ఏమీ చేరలేదు. అదును చూసే కన్ను మెరుగుపడింది, దానితోనే సుఖం పెరిగింది. నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. సుఖం ఒక్కటే చూసుకుంటే టైరు నేలను వదిలి గాల్లో ఉండే సమయం పెరిగి బ్రేకులకు పట్టు తగ్గుతుందన్న అభ్యంతరం నిజమే. అందుకే మలుపులోనో బ్రేకు నొక్కినప్పుడో ఈ వ్యవస్థలు సుఖాన్ని పక్కన పెట్టి చక్రాన్ని పట్టుకుంటాయి. పట్టు కావలసిన క్షణాలు ప్రయాణంలో కొద్ది. మిగతా దారి అంతా సుఖానికే ఇవ్వవచ్చు. ఎప్పటికీ ఒకే గట్టిదనంతో ఉండే షాక్ అబ్జార్బర్ ఆ కొద్ది క్షణాల కోసం దారంతా మనల్ని కుదుపుతుంది.

తెలుగు నేల మీద మొదట ఎదురయ్యే ప్రశ్న వేరు. ముందు రోడ్లు వేయండి, తర్వాత షాక్ అబ్జార్బర్ల సంగతి చూద్దాం అంటారు. ఇందులో సగం నిజముంది. ఆ సగం ఎక్కడుందో లెక్కే చూపిస్తుంది. 1990లో హెడ్రిక్, బుట్సుయెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిత్రమైన సంగతిని వివరించారు. సస్పెన్షన్ బాడీని ఎంత తోస్తే చక్రాన్ని అంతే వెనక్కి తోస్తుంది. రెంటినీ కలిపి చూస్తే ఆ బలం రద్దయిపోతుంది, బయటి నుంచి వచ్చేది టైరు బలం ఒక్కటే మిగులుతుంది. దీనివల్ల చక్రం బరువూ టైరు గట్టిదనమూ కలిసి నిర్ణయించే ఒక పౌనఃపున్యం దగ్గర, మన లెక్కలో 11 హెర్ట్జ్ దగ్గర, బాడీకి చేరే కుదుపును ఏ సస్పెన్షనూ మార్చలేదు. చవకదైనా సరే, బోస్ మోటారైనా సరే. 60 కిలోమీటర్ల వేగంలో మీటరున్నరకోసారి వచ్చే గతుకులు ఇక్కడికే వచ్చి పడతాయి. వాటి బాధ్యత రోడ్డుదీ టైరుదీ. అంతకంటే పొడుగాటి ఎత్తుపల్లాలు, కుంగిన వంతెన అంచులు, అతుకులు వేసిన తారు మాత్రం సస్పెన్షన్ ఎదుర్కోగలిగినవే. రోడ్డు రేపు బాగుపడుతుందన్న మాట ఈ రోజు దాని మీద తిరిగే నడుముకు జవాబు కాదు.

స్పీడ్ బ్రేకర్లది ఇంకో కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెప్పే గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటాలి. ఆ వేగంలో ముందు చక్రం దాన్ని అర సెకనులో ఎక్కి దిగుతుంది. 50తో వస్తే పావు సెకనే పడుతుంది కనుక దెబ్బ మన శరీరానికి గిట్టని ప్రాంతానికి దగ్గరవుతుంది. వేగంగా వచ్చినవాడికి బాధ కలిగించడమే హంప్ ఉద్దేశం. మరి మంచి సస్పెన్షన్ ఆ బాధను మాయం చేస్తే జనం ఇంకా వేగంగా దూకించరా అని అడగవచ్చు. కొంత వరకు దూకిస్తారు. కానీ బాడీకీ చక్రానికీ మధ్య ఉండే జాగా కొన్ని సెంటీమీటర్లే. వేగంగా వస్తే అది అయిపోయి రబ్బరు స్టాపరుకు తగులుతుంది. ఆ దెబ్బను ఏ ఆల్గరిథమూ దాచలేదు. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన నిటారు గట్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. అవి బాధించేది మెల్లగా వచ్చినవాణ్ని కూడా.

బలం పద్ధతి మళ్లీ వస్తోంది కదా అన్నది చివరి అభ్యంతరం. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో అధిక వోల్టేజి బ్యాటరీ ఎలాగూ ఉంది గనుక కిలోవాట్లు దొరకడం తేలికైంది. పోర్షే పనమేరాలో, క్లియర్‌మోషన్ సాంకేతికత వాడిన చైనా కారు నియో ఈటీ9లో ఇప్పుడు నిజంగా తోసే సస్పెన్షన్ ఉంది. బాగుంటుంది, కాదనను. అవి ఏ ధరకు అమ్ముడయ్యే బళ్లో చూస్తే చాలు. సుఖంలో చివరి మెట్టు ఎక్కడానికి వాళ్లు పెట్టే ఖర్చుతో మొదటి నాలుగు మెట్లు ఎన్నో బళ్లకు ఎక్కించవచ్చు.

ఆ మొదటి మెట్లు ఎవరికి ముందు కావాలి? వారాంతంలో రెండు గంటలు కారు నడిపేవాళ్లకు కాదు. రోజుకు ఎనిమిది గంటలు అదే సీటులో కూర్చునేవాళ్లకు. ఐరోపా కూటమి 2002లో చేసిన చట్టం పనివాళ్ల శరీరం మొత్తానికి తగిలే కంపనానికి ఎనిమిది గంటల సగటున రెండు గీతలు గీసింది. 0.5 దాటితే యజమాని చర్యలు మొదలుపెట్టాలి. 1.15 దాటనే కూడదు. నడుం నొప్పికీ దీర్ఘకాలం తగిలే కంపనానికీ సంబంధం ఉందన్నది ఆ చట్టం వెనకున్న గుర్తింపు. బస్సు మొత్తానికి ఖరీదైన సస్పెన్షన్ పెట్టలేకపోయినా సీటుకు పెట్టవచ్చు. సీటు మీద ఉండేది ఒక మనిషి బరువే కనుక షాక్ అబ్జార్బర్ చిన్నది, కరెంటు తక్కువ, సెన్సర్లు ఒకటో రెండో. ఇది ఊహ కాదు. మాగ్నెరైడ్ కారు కంటే ముందే, 1998లో, లార్డ్ కంపెనీ అదే అయస్కాంత నూనెతో లారీ డ్రైవర్ల సీటును అమ్మకానికి తెచ్చింది. కారులో ఓడిన బోస్ కూడా 2010లో లారీ డ్రైవర్ల సీటు దగ్గరికే వచ్చాడు. ఒక మనిషిని మోయడానికి అతని మోటారు బలం సరిపోయింది మరి.

మన ఆర్టీసీల్లో గరుడ ఎక్కినవాళ్లకు ఎయిర్ సస్పెన్షన్ ఉంది. పల్లెవెలుగు ఎక్కినవాళ్లకు కమాన్ పట్టీలున్నాయి. ప్రయాణికుడు గంటలో దిగిపోతాడు, డ్రైవరు దిగడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సులది ఇంకో రకం సమస్య. పడుకున్న రోగికి కంపనం వెన్నెముక పొడుగునా కాక వీపు నుంచి ఛాతీ వైపు తగులుతుంది. కూర్చున్న మనిషి కోసం వేసిన లెక్కలు అక్కడ యథాతథంగా పనికిరావు. స్ట్రెచర్ కింద పెట్టే పరికరానికి నిబంధనల్ని మళ్లీ కుదుర్చుకోవాలి. సీటు కంటే కష్టమైన పనే, కానీ సూత్రం అదే.

బస్సులు కొనే టెండర్లలో ఇంజిన్ శక్తి, సీట్ల సంఖ్య, మైలేజీ అడగడం మామూలే. ఇంకో గడి చేర్చవచ్చు: ఫలానా రోడ్డు మీద, ఫలానా వేగంతో పోతున్నప్పుడు డ్రైవరు సీటు మీద ఐఎస్ఓ 2631 తూకంతో కొలిచిన అంకె 0.5 దాటకూడదు. అందుకు కంపెనీ మెత్తటి స్ప్రింగు పెడుతుందో, ఎయిర్ బెలూన్ పెడుతుందో, అయస్కాంత నూనె పెడుతుందో అది వాళ్ల లెక్క. కొలవడానికి మాత్రం సీటు మీద పరిచే ఒక యాక్సిలరోమీటరు, అరగంట ప్రయాణం చాలు.